ఆ చెక్క పళ్ళెం నా ముందు పెట్టిందే

మా సరస్సు చుట్టూ నడిచే తెలుగువాళ్ళ మధ్య ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. ఊరి నుంచి కొత్తగా ఎవరి అమ్మగారో అత్తగారో వస్తే, నాలుగు సాయంత్రాలు గడవకముందే ఎవరో ఒకరు ఆ కథను వాళ్ళ చెవిన వేస్తారు. "ఒకావిడ ఉండేదిలెండి. బొట్టు పెట్టుకుని మనలో మనిషిలాగే తిరిగింది. పబ్బుకు తీసుకెళ్తే గొడ్డుమాంసం తెప్పించుకుని అందరి ముందూ తిన్నది. ఆ తర్వాత మొహం చెల్లక నడకకు రావడం తనే మానేసింది. చలి పడటం లేదని చెప్పి ఊరెళ్ళిపోయింది."

ఈమధ్య మా అత్తగారు మళ్ళీ వచ్చారు. సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చుని, కొత్తగా వచ్చిన ఒకావిడకు ఇదే కథ చెబుతుంటే, పక్కన నిలబడి ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నది నేను. ఒక్క చుక్క కూడా కింద ఒలకలేదు. ఇంటికి వచ్చాక ఆ సంగతి నన్ను పట్టుకుంది.

ఆ కథలో ఒకే ఒక్క ముక్క నిజం. ఆవిడ తిన్నది. మిగతాదంతా మా ఇంట్లో పుట్టింది. నేను పుట్టించాను, మా అత్తగారు పెంచారు, మా ఆవిడ నాలుగిళ్ళకూ పంపింది. కథలోని ఆవిడ ఏదీ తెప్పించుకోలేదు. నడక మానుకోలేదు. చలి అనేది ఆవిడకు ఒక లెక్కలోది కాదు.

మాది ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌కు పడమర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్. ఆవిడ కొడుకూ నేనూ సిటీలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్ళం. పొద్దున ఒకే రైలు ఎక్కి ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. అతనిది తూర్పు గోదావరి. నాకంటే చిన్నవాడు, నన్ను "గురువుగారూ" అని పిలిచేవాడు. అతని భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమెవి వేళాపాళా లేని డ్యూటీలు. అతని నాన్నగారు రాజమండ్రిలో కూతురి దగ్గర ఉంటే, అమ్మగారు కొన్నాళ్ళు కొడుకు దగ్గర ఉందామని వచ్చారు. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. అందుకని మా ఇంట్లో అందరం ఆవిడను పంతులమ్మగారనే అనేవాళ్ళం.

కొడుకూ కోడలూ పనికి వెళ్ళిపోతే పగలంతా ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. "ఇక్కడ వీధిలో మనిషి మొహం చూడాలంటే చెత్తడబ్బాలు బయటపెట్టే రోజు రావాలండి," అని నవ్వేది. "ఆ రోజు అందరూ డబ్బా తోసుకుంటూ వస్తారు. నేను గేటు దగ్గర నిలబడి హలో అంటాను. వాళ్ళు హలో అంటారు. అయిపోయిందండి, మళ్ళీ వారం దాకా సెలవు."

ఆవిడను కనిపెట్టింది మా అత్తగారే. సాయంత్రం సరస్సు చుట్టూ నడుస్తుంటే తెలుగు మాట వినపడి వెనక్కి తిరిగి చూశారట. పంతులమ్మగారు ఫోనులో కూతురితో మాట్లాడుతూ నడుస్తోంది. ఆ మర్నాటి నుంచి ఇద్దరూ జత. వరంగల్ నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఇంకొకావిడ వాళ్ళకు తోడైంది. మా అత్తగారు ఫ్లాస్కులో టీ, మూడు స్టీలు గ్లాసులు సంచిలో పెట్టుకుని వెళ్ళేవారు. ఒక చుట్టు నడవడం, బెంచీ మీద కూర్చోవడం, చీకటి పడేదాకా కబుర్లు.

పంతులమ్మగారికి ఆ ముచ్చట ఎంత అవసరమో నాకు బాగా తెలుసు, కొడుకు చెప్పాడు. మధ్యాహ్నం మూడింటికే తల దువ్వుకుని, చీర మార్చుకుని, కిటికీ దగ్గర కూర్చునేదట. అప్పటికింకా ఎండ మండిపోతూ ఉండేది. "బడికి వెళ్ళే పిల్లలాగ ఉంటుందండి మా అమ్మ," అనేవాడు.

మా అత్తగారికీ ఆవిడంటే మోజే. "ఆ మాట తీరు చూడండి అల్లుడుగారూ, ఆ పలుకు చూడండి. మంచి కుటుంబం అని వేరే చెప్పాలా?" అని భోజనాల దగ్గర రోజూ అనేవారు. మా అత్తగారిది కృష్ణా జిల్లా. మనిషి ఎవరో, ఏమిటో నేరుగా అడగరు. ఊరు అడుగుతారు, ఊళ్ళో ఏ వైపు అని అడుగుతారు, పెళ్ళి ఏ నెలలో అయింది, ఎవరు చేయించారు అని అడుగుతారు. అలా చుట్టుతిప్పి అడిగిన ప్రశ్నలన్నిటినీ పంతులమ్మగారు నవ్వుతూ దాటేసేది. మా అత్తగారికి అనుమానమే రాలేదు. ఆ తెలుగు విన్నాక రాలేదు.

ఒకరోజు రైల్లో నేనే అడిగాను, "మీ అమ్మగారు గుడికి రారేం? మా అత్తయ్య ఎన్నిసార్లు పిలిచినా ఏదో ఒకటి చెబుతున్నారట" అని.

అతను అటూ ఇటూ చూశాడు. "మీకు చెబితే మీతోనే ఉంటుందా గురువుగారూ?"

"చెప్పవయ్యా."

"మాది మాలపల్లి అండి. అమ్మమ్మ కాలం నుంచి చర్చికే వెళ్తాం. అమ్మ జీవితంలో బొట్టు పెట్టుకోలేదు. ఇక్కడికొచ్చాక మా ఆవిడతో కొట్లో స్టిక్కర్లు తెప్పించుకుని పెట్టుకుంటోంది, సాయంత్రం నడకకు మాత్రం. ఇంటికి రాగానే తీసేసి అద్దానికి అంటిస్తుంది. అలా చేయొద్దమ్మా అన్నానండి. 'నీకేం రా, నీకు ఆఫీసు ఉంది. నేనున్నన్నాళ్ళూ గోడలతో మాట్లాడమంటావా' అంది. ఇంకేం అనగలనండి."

నేను అతని మోకాలి మీద చెయ్యి వేసి, "ఇందులో ఏముంది, ఏ కాలంలో ఉన్నాం," అన్నాను. నిజంగానే అన్నాను. అతను తేలికపడ్డాడు. ఆ తేలికలో ఇంకా చాలా చెప్పాడు. చిన్నప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లో వండే పెద్ద కూర, అంటే గొడ్డుమాంసం, గురించి చెప్పాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకసారి ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ మూత తీస్తే, గదిలోని వాళ్ళు మంచాలు మోసుకుని వేరే గదికి వెళ్ళిపోయారట. అది విన్న అమ్మ, చదువు పూర్తయి ఉద్యోగం వచ్చేదాకా ముట్టనని ఒట్టు వేయించుకుందట. ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, దేశం మారింది. అతను మళ్ళీ ముట్టలేదు. "అలవాటు పోయిందండి. ఆ వాసన వస్తే మంచాలు ఈడ్చిన చప్పుడు వినిపిస్తుంది," అన్నాడు.

అదే వారంలో మేమిద్దరం సిటీలో మధ్యాహ్న భోజనానికి కూర్చున్నాం. అతని పళ్ళెంలో చేప. నా పళ్ళెంలో బీఫ్ బర్గర్. నేను తింటాను. ఈ దేశం వచ్చిన కొత్తలోనే మొదలుపెట్టాను. మా ఆవిడకు తెలుసు. మా వాళ్ళలో తినే మగవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆఫీసువాళ్ళతో తింటే అది తిన్న లెక్కలోకి రాదని మా మధ్య చెప్పుకోని ఒప్పందం ఒకటుంది. ఇంటికి రాదు, అత్తగారి చెవిన పడదు, అంతే చాలు.

మా షాపింగ్ సెంటర్ అవతల చాలాకాలం ఖాళీగా పడి ఉన్న చోట కొత్త పబ్ తెరిచారు. తెరవకముందే దాని వాసన మా ఇళ్ళలోకి వచ్చింది. వంటంతా కట్టెల పొయ్యి మీదేనట. వాళ్ళు పొయ్యిని పరీక్షించిన రోజుల్లో ఆరేసిన బట్టలన్నిటికీ పొగ కంపు. మా వీధిలో తెల్లవాళ్ళు ఫేస్‌బుక్కులో తిట్టుకున్నారు, తెరవగానే వాళ్ళే వరస కట్టారు. మా అత్తగారు మాత్రం ఆ పొగ పీల్చి, "ఇన్నాళ్ళకి ఈ ఊళ్ళో ఎవరింట్లోనో పొయ్యి వెలిగింది," అన్నారు.

"ముగ్గురమ్మలనూ అక్కడికి తీసుకెళ్దాం," అన్నది నేనే. ముగ్గురూ సంబరపడ్డారు. పబ్బులో కూర్చున్నామని ఊరికి ఫొటోలు పంపాలని వాళ్ళ ఉబలాటం.

శుక్రవారం సాయంత్రం వెలుగుండగానే వెళ్ళాం. మా ఆవిడ, మా పాప, మా అత్తగారు, నేను. వరంగల్ ఆవిడ మా కారులోనే వచ్చింది. పంతులమ్మగారిని కొడుకు తీసుకొచ్చాడు. కోడలికి డ్యూటీ. మాకిచ్చిన బల్ల సరిగ్గా పొయ్యికి ఎదురుగా ఉంది. పెద్ద ఇటుకల గూడు, లోపల నిప్పులు, పక్కన పేర్చిన మొద్దులు.

"పబ్బంటే ఏమో అనుకున్నాను అల్లుడుగారూ," అన్నారు మా అత్తగారు చుట్టూ చూసి. "చిన్నపిల్లలు కూర్చుని బొమ్మలకు రంగులేసుకుంటున్నారే! ఇందులో చెడిపోవడానికేముంది?"

"గా పొయ్యి జూడుండ్రి," అంది వరంగల్ ఆవిడ. "మా ఊర్ల ఇటుకబట్టీ గిట్లనే ఉంటది. గాళ్ళు ఇటుకలు గాలుస్తరు, వీళ్ళు రొట్టెలు గాలుస్తున్రు."

"మా బళ్ళో మధ్యాహ్న భోజనానికి ఈ కట్టెల్లో సగం ఇచ్చినా పిల్లలకు అన్నం పలుకు లేకుండా ఉడికేదండి," అంది పంతులమ్మగారు. మా అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇద్దరూ ఒకే వైపు, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నారు. పంతులమ్మగారి నుదుట మెరూన్ రంగు స్టిక్కరు.

ఇక్కడి పబ్బుల్లో కౌంటరు దగ్గరికి వెళ్ళి చెప్పుకోవాలి. చెప్పాక చేతికి ఒక నల్లటి బిళ్ళ ఇస్తారు. వంట కాగానే అది వణుకుతుంది. కూరగాయల పిజ్జాలు, బంగాళదుంప వేపుళ్ళు, చేప చెప్పి వచ్చి ఆ బిళ్ళ బల్ల మీద పెట్టాను. అది ఒక్కసారిగా గిలగిల్లాడేసరికి వరంగల్ ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి, "అమ్మో, గిదేంది, పానం ఉన్నట్టుంది దీనికి!" అని అరిచింది. పక్క బల్లల వాళ్ళు కూడా నవ్వారు. అంత బాగున్నాం మేము అప్పటిదాకా. ఈ మాట రాయాలి. ఎందుకంటే పంతులమ్మగారి వల్ల ఆ సాయంత్రం పాడైందని మా వాళ్ళు చెబుతారు.

పిజ్జాలు సగం అయ్యాయి. అప్పుడు ఏప్రాన్ కట్టుకున్న ఒక అమ్మాయి చెక్క పళ్ళెం ఒకటి పట్టుకుని వచ్చింది. మొదటి వారం కాబట్టి ప్రతి బల్లకూ వంటవాడి తరఫున రుచి చూడటానికి ఇస్తున్నామని, రాత్రంతా కట్టెల సెగ మీద ఉడికిందని చెప్పి, బల్ల చివర నేను కూర్చుని ఉంటే నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. నల్లగా కాలిన అంచు, లోపల ఎర్రటి పొరలు, పక్కన ఉల్లిపాయ పచ్చడి.

"ఏమిటది?" అన్నారు మా అత్తగారు.

మా పాప ఎగిరి గంతేసినంత పనిచేసింది. "బ్రిస్కెట్, అమ్మమ్మా! ఇట్స్ డాడ్స్ ఫేవరెట్!"

"అంటే?"

"బీఫ్," అంది పాప.

మా అత్తగారు నా వైపు తిరిగారు. కోపం లేదు ఆ చూపులో. ఏదో పొరపాటు విన్నానని, నేను సరిదిద్దుతానని ఎదురుచూస్తున్న చూపు. మా ఆవిడ పిజ్జా ముక్కలోంచి మిరపకాయలు ఏరుతూ తల ఎత్తలేదు.

ఆ పళ్ళెం వెనక్కి పంపేయచ్చు. మేము తినం, వద్దు అంటే ఆ అమ్మాయి సంతోషంగా తీసుకుపోయేది. పాప స్కూలు బార్బెక్యూలో ఏదో చూసి పొరబడిందని అనచ్చు. నేను అవేమీ చేయలేదు. పళ్ళేన్ని రెండు వేళ్ళతో పంతులమ్మగారి కొడుకు ముందుకు జరిపాను.

"నా ఫేవరెట్ ఏమిటే? అంకుల్ ఫేవరెట్. పిల్లకి తికమక, అత్తయ్యా."

"నో డాడ్, యువర్స్..."

"నువ్వు నోరు ముయ్యి," అన్నాను. పాప ముడుచుకుపోయింది. అయినా మా అత్తగారి చూపు నా మీదే ఉంది. అప్పుడు ఇంకో మాట అన్నాను. అనవసరమైన మాట. "వీళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటే కదత్తయ్యా. ఆదివారం చర్చి నుంచి రాగానే పల్లెలో ప్రతి ఇంటా ఇదేనట. అడగండి, చెబుతాడు."

నోరు జారిందని తర్వాత నలుగురికీ చెప్పుకున్నాను. జారలేదు. ఆ వాక్యంలో చర్చి అనే మాట ఎక్కడ పెట్టాలో, పల్లె అనే మాట ఎక్కడ పెట్టాలో ఆలోచించుకునే అన్నాను. ఆ రెండూ వినగానే మా అత్తగారు నన్ను మరిచిపోతారని నాకు తెలుసు. అలాగే మరిచిపోయారు.

అతను నా మొహంలోకి చూశాడు. నన్ను ముంచడానికి అతనికి ఒక్క మాట చాలు. రోజూ నా ఎదురుగా కూర్చుని నేనేం తింటానో చూసినవాడు. పెదవి కదిలింది కూడా. కానీ అతని కళ్ళు నా మీంచి మా పాప మీదికి వెళ్ళాయి. పాప అప్పటికే కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉంది. అతను తల వంచుకుని, "అవునండి," అన్నాడు. ఫోర్కు తీసుకున్నాడు.

"నువ్వు ఆగరా," అంది పంతులమ్మగారు.

మామూలు గొంతుతోనే అంది. నుదుటి మీది స్టిక్కరు గోటితో తీసి, కాగితపు రుమాలు అంచుకు అంటించింది. చెక్క పళ్ళేన్ని తన ముందుకు లాక్కుంది. "వాడు మానేశాడండి, నాకు ఒట్టేశాడు. నేను వెయ్యలేదు," అని మా అత్తగారితో చెప్పి, చేత్తో ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తీసుకుంది. పొయ్యిలో మొద్దు ఒకటి విరిగి నిప్పులు లేచాయి.

"బాగా ఉడికిందండి," అంది ఆవిడ. "ఉప్పే తక్కువ."

మా అత్తగారు కుర్చీని జరపలేదు. అది నాగరికం కాదని ఆవిడకు తెలుసు. తన పళ్ళేన్ని మాత్రం కొంచెం ఎడంగా లాక్కుని, ఇక దాన్ని ముట్టలేదు. చీర కొంగు తీసి ఒళ్ళో ముడుచుకుని పట్టుకున్నారు. ఇంతకుముందు భుజాలు తగులుతూ కూర్చున్న ఆ ఇద్దరి మధ్య ఇప్పుడు ఒక చెయ్యి పట్టేంత సందుంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

కారులో వస్తూ మా అత్తగారు అడిగారు. "మీకు ముందే తెలుసా అల్లుడుగారూ?"

"లేదత్తయ్యా. ఈమధ్యే అనుమానం వచ్చింది."

"అన్నాళ్ళు నా గ్లాసులో టీ తాగింది," అన్నారు. వెనక సీట్లో వరంగల్ ఆవిడ మాత్రం, "నాకైతే పట్టింపు లేదమ్మా. మనిషి మంచిదే. మా కోడలే జర... ఆమెకు తెలిస్తే ఊకోదు," అంది.

ఇంటికొచ్చాక వంటింట్లో మా ఆవిడ నా పక్కన నిలబడి మంచినీళ్ళు తాగి, "బతికిపోయావుగా," అంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఇది చదివితే మా అత్తగారికి ఆ సాయంత్రం గురించి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఆ పళ్ళెం ఎవరి ముందు పెట్టారో, అలా పెట్టడం ఎందుకు పొరపాటు కాదో. రెండు, తన కూతురికి మొదటి నుంచీ అన్నీ తెలుసునని. మా ఇంట్లో ఏం జరిగినా సరే, ఈ రెండూ దాచను.

మర్నాటి నుంచి నడక పొద్దుటికి మారింది. మా ఆవిడ వాట్సాప్‌లో కొత్త గ్రూపు పెట్టింది. పాత గ్రూపును అలాగే ఉంచింది, దానిలో ఎవరూ ఏమీ రాయరు, అంతే. స్టీలు గ్లాసుల్లో ఒకటి గ్యారేజీలోకి పోయింది. ఏ గ్లాసులో ఎవరు తాగారో మా అత్తగారికి గుర్తుందా అని నాకు ఆశ్చర్యం. గుర్తుందట, అంచు దగ్గర సొట్ట ఉన్నదట. కొన్నాళ్ళకు మా పాప అందులో నీళ్ళు పోసుకుని రంగుల కుంచెలు కడుక్కుంటుంటే చూశాను.

పంతులమ్మగారు సాయంత్రాలు వస్తూనే ఉంది. స్టేషన్ నుంచి నేను కారులో ఇంటికి వచ్చే దారి సరస్సు పక్క నుంచే. బెంచీ మీద ఒక్కతే, మా వీధి మలుపు వైపు తిరిగి కూర్చుని ఉండేది. పక్కన బెంచీ మీద సంచి పెట్టి, ఇంకొకరికి చోటు ఆపుకున్నట్టు. నుదుట స్టిక్కరు లేదు. వేషం వదిలేశాక కూడా, ఆ ఇద్దరూ వస్తారని ఆవిడ అనుకుందన్నమాట. నేను వేరే దారిలో ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాను.

అతను రైల్లో నా ఎదురుగా కూర్చోవడం మానలేదు, మొదట్లో. పబ్ మాట ఎత్తలేదు. ఒకరోజు మాత్రం కిటికీలోంచి చూస్తూ అడిగాడు. "అత్తయ్యగారు వాళ్ళు నడకకు రావట్లేదా అండి? అమ్మ అడగమంది."

నిజం చెప్పడానికి అతను నాకు ఇచ్చిన అవకాశం అది. కనీసం, రారు, ఎదురుచూడొద్దని చెప్పు అని అనచ్చు. ఆవిడ ఆ బెంచీ మీద అన్ని సాయంత్రాలు కూర్చోవలసిన పని ఉండేది కాదు.

"మోకాళ్ళ నొప్పులయ్యా అత్తయ్యకి," అన్నాను. "డాక్టరు నడవద్దన్నాడు."

రెండు రోజుల తర్వాత అతను ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె. "అమ్మ కాచిందండి. పడుకునే ముందు గోరువెచ్చగా చేసి రాయమంది. కింది నుంచి పైకే రాయమందండి, పై నుంచి కిందికి కాదు." ఆ నూనె నేను ఇంట్లోకి తీసుకెళ్ళలేదు. కారు డిక్కీలో పెట్టాను. తీసుకెళ్తే అత్తగారు పారేస్తారులే అని అప్పుడు అనుకున్నాను. నిజానికి తీసుకెళ్తే మోకాళ్ళ అబద్ధం బయటపడుతుందని నా భయం.

శనివారాలు అత్తగారితో పాటు నేనూ నడిచేవాణ్ణి. ఆ శనివారానికి జూన్ వచ్చింది, ఇక్కడ చలికాలం. నీళ్ళ మీద పొగమంచు తేలుతోంది. మా అత్తగారు, వరంగల్ ఆవిడ ముందు, నేను వెనక. మా అత్తగారు మంచి జోరు మీద ఉన్నారు. ఏదో పెళ్ళి సంగతి చెబుతూ చేతులు ఊపుకుంటూ నడుస్తున్నారు. మలుపు తిరిగేసరికి ఎదురుగా పంతులమ్మగారు. కొడుకు జాకెట్టు వేసుకుని ఉంది, పొడుగు చేతులు మణికట్ల దాకా మడిచి. పొద్దున్నే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. సాయంత్రాల మీద ఆశ వదులుకుని ఉంటుంది.

మమ్మల్ని చూడగానే ఆవిడ మొహం విప్పారింది. నేను చూశాను. ఆ ఒక్క క్షణం ఆవిడ అన్నీ మరిచిపోయింది.

"నడుస్తున్నారే! మోకాళ్ళు తగ్గాయా అండి? నూనె పనిచేసిందా?"

మా అత్తగారు ఆగారు. "ఏ మోకాళ్ళు?" అన్నారు. "ఏ నూనె? నా మోకాళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి."

పంతులమ్మగారు ఆవిడ కాళ్ళ వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. బడిలో జవాబు చెప్పలేక నిలబడిన పిల్లవాణ్ణి, ఇంకాసేపు ఆగుదాం, చెబుతాడేమో అని చూసే చూపు. నేను వంగి బూటు లేసు సరిచేసుకున్నాను.

"ఓహో. మంచిదండి," అంది ఆవిడ. "బాగుంటే అంతకంటే ఏం కావాలి." నా పక్క నుంచి వెళ్తూ ఆగింది. "బాబూ, ఆ సీసా మావాడికి ఇచ్చెయ్యి. మూత గట్టి సీసా, మళ్ళీ దొరకదు."

ఆ సీసా ఇవ్వలేదు నేను. మూత ఎంత గట్టిదైనా, డిక్కీ వేడికి నూనె కారిపోయి, కిందున్న గుడ్డకు పట్టేసింది. ఇవ్వడానికి తర్వాత అతను నా ఎదురుగా కూర్చోలేదు కూడా. ఒకసారి ప్లాట్‌ఫాం మీద కలిస్తే, "అమ్మ టికెట్ ముందుకు జరిపించామండి," అన్నాడు. ఇంకా గడువు ఉంది కదా అన్నాను. "చలి పడట్లేదంటోందండి," అని నా కళ్ళలోకి సూటిగా చూసి చెప్పాడు. మేము నలుగురికీ చెప్పుకోవడానికి పనికొచ్చే మాట ఒకటి చేతికిచ్చి వెళ్ళాడు. మేము దాన్నే వాడుకున్నాం. ఇప్పటికీ వాడుకుంటున్నాం. ఇప్పుడు ఎక్కడైనా కనపడితే నన్ను "సార్" అంటాడు.

అయితే ఆ శనివారం సంగతి ఇంకా కొంచెం ఉంది.

ఆవిడ మమ్మల్ని దాటి అటు వెళ్ళింది. మేము ఇటు నడుస్తున్నాం. సరస్సు గుండ్రంగా ఉంటుంది కాబట్టి, చుట్టు పూర్తిచేస్తే అవతలి గట్టున ఆవిడ మళ్ళీ ఎదురుపడుతుంది. ఆ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

"పాపం, గామె ఒక్కతే..." అంది వరంగల్ ఆవిడ.

"ఒక్కతే వస్తే మనమేం చేస్తాం?" అన్నారు మా అత్తగారు. "మళ్ళీ ఎదురొస్తుంది. ఏం మాట్లాడతాం? ఇటు నుంచి పోదాం."

సరస్సు నడుముకు అడ్డంగా ఒక చెక్క వంతెన ఉంది. దాని మీదుగా దాటితే ఎవరికీ ఎదురుపడకుండా ఇంటికి పోవచ్చు. మంచు విడిపోయింది. అవతలి గట్టున ఆ పెద్ద జాకెట్టు కనిపిస్తూనే ఉంది. ఆగి, నీళ్ళ మీదుగా మా వైపే చూస్తోంది. మేము దాటడం ఆవిడకు మొత్తం కనిపిస్తుంది. మా అత్తగారు వంతెన మొదట్లో ఒక్క క్షణం తటపటాయించారు. వరంగల్ ఆవిడ అసలు కదలలేదు.

ముందు వంతెన ఎక్కింది నేను.